ఏ సప్లిమెంట్ కొనాలి, ఏది అక్కర్లేదు: రోగుల మీద జరిగిన ట్రయల్స్ చూసి ఎంచుకుందాం

మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, "బలానికి ఏదైనా మంచి టాబ్లెట్ ఉంటే ఇవ్వండి" అన్న మాట వినిపిస్తుంది. షాపతను కాదనడు. మల్టీవిటమిన్ స్ట్రిప్ ఒకటి, కాల్షియం ఒకటి, కాస్త డబ్బున్నట్టు కనిపిస్తే ప్రొటీన్ పౌడర్ డబ్బా కూడా కౌంటర్ మీద పెడతాడు. ఇక ఏ కంపెనీది మంచిది, ఏది తక్కువకు వస్తుంది అన్న చర్చ మొదలవుతుంది. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: అసలు ఒంట్లో ఏం తక్కువైంది?

ముప్పై నలభై ఏళ్లుగా వేలాది మంది మీద జరిగిన క్లినికల్ ట్రయల్స్‌ని వరసపెట్టి చూస్తే ఒక సంగతి పదే పదే కనిపిస్తుంది. లోటు ఉన్నవాళ్లకు ఆ లోటున్న పోషకమే ఇస్తే ఫలితం ఉంటుంది, ఒక్కోసారి ప్రాణాలు నిలిపేంతగా ఉంటుంది. లోటు లేనివాళ్లకు ఇస్తే నిండిన బిందెలో ఇంకో చెంబు పోసినట్టే. కొన్నిసార్లు హాని కూడా జరుగుతుంది. కాబట్టి ఈ కంపెనీనా ఆ కంపెనీనా అన్నది చివర్లో తేల్చుకోవాల్సిన విషయం. నాకు ఇది అవసరమా, అవసరమైతే ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు అన్నవి ముందు తేలాలి.

అంకె మారితే జబ్బు తగ్గినట్టేనా?

సప్లిమెంట్ల గురించి వచ్చే ప్రతి వార్తలోనూ చూడాల్సింది ఒకటుంది. ఆ ట్రయల్‌లో కొలిచింది రక్త పరీక్షలో అంకెనా, లేక గుండెపోటు, ఎముక విరగడం, చావు లాంటి అసలు ఫలితాన్నా? ఈ తేడా పట్టించుకోకపోతే ప్రకటనలు మనల్ని తేలిగ్గా బుట్టలో వేస్తాయి.

బీటా కెరోటిన్ సంగతే చూడండి. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తుందని, వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉంటుందని పరిశోధకులు గమనించారు. అయితే దాన్నే మాత్రగా ఇస్తే పోలా అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి కొందరికి అసలు మాత్ర, కొందరికి డమ్మీ మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో కేరెట్ అనే ట్రయల్‌లో 28 శాతం ఎక్కువ కనిపించడంతో 1996లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. కూరగాయలు తినేవాళ్ల ఆరోగ్యం వేరు, కూరగాయల్లోంచి ఒక్క పదార్థాన్ని లాగి బిళ్ళగా చేసి మింగడం వేరు అని అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

విటమిన్ ఇ కథ కూడా అలాంటిదే. మన దగ్గర 400 అని రాసి ఉండే ఆ ఆకుపచ్చ క్యాప్సూల్ తెలియని ఇల్లు ఉండదు. ముఖానికి రాసుకునేవాళ్ల సంగతి నాకు అనవసరం గానీ, కాళ్లు పట్టేస్తున్నాయని ఏళ్ల తరబడి రోజూ మింగే మగవాళ్లు మాత్రం ఇది తెలుసుకోవాలి. సెలెక్ట్ అనే ట్రయల్‌లో 35 వేల మందికి పైగా మగవాళ్లను తీసుకుని, అందులో కొందరికి సరిగ్గా ఆ 400 యూనిట్ల మోతాదే ఇచ్చారు. 2011 నాటి లెక్కల ప్రకారం వాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

హోప్-2 అనే ట్రయల్‌ది ఇంకో రకం పాఠం. రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో యాసిడ్ ఎక్కువుంటే గుండెకు మంచిది కాదని, బి విటమిన్లు ఇస్తే అది తగ్గుతుందని తెలుసు. అయిదున్నర వేల మందిలో సగం మందికి ఇచ్చి చూశారు. హోమోసిస్టీన్ చక్కగా తగ్గింది. పక్షవాతం కొంత తగ్గినట్టు కనిపించినా, గుండెపోట్లు, గుండె జబ్బు మరణాలు మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ హెల్త్ ప్యాకేజీలో హోమోసిస్టీన్ ఎర్ర అక్షరాల్లో వచ్చిందని భయపడి మాత్రలు వాడేవాళ్లు ఉన్నారు.

ఐరన్: రోజూనా, రోజు విడిచి రోజా, సెలైన్‌లోనా

మన ప్రాంతంలో నిజంగా, పెద్ద ఎత్తున ఉన్న లోటు ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలుగు రాష్ట్రాల పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. అందుకే ఈ మాత్ర గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

ముందు స్ట్రిప్ వెనక ఉన్నది చదవడం నేర్చుకోవాలి. ఫెర్రస్ ఫ్యూమరేట్ 300 మి.గ్రా. అంటే అందులో అసలు ఐరన్ సుమారు 100 మి.గ్రా. అదే ఫెర్రస్ గ్లూకోనేట్ 300 మి.గ్రా. అయితే ఉండేది 36 మి.గ్రా. మాత్రమే. పైన కనిపించే అంకె ఒకటే అయినా లోపల మూడింతల తేడా. "ఎలిమెంటల్ ఐరన్" అని ఎంత రాశారో చూడండి, ధర పోల్చాల్సింది దాని మీద.

ఖరీదైనదే మంచిదా అంటే, పిల్లల మీద జరిగిన ఒక ట్రయల్ చక్కని జవాబు ఇచ్చింది. రక్తహీనత ఉన్న 80 మంది చిన్నపిల్లల్లో సగం మందికి పాత కాలపు ఫెర్రస్ సల్ఫేట్ చుక్కలు, సగం మందికి రుచిగా ఉండే ఐరన్ పాలీశాకరైడ్ చుక్కలు ఇచ్చారు. 12 వారాల తర్వాత చూస్తే హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది చవక మందు తాగినవాళ్లకే. 2017లో వచ్చిన ఫలితం ఇది. రుచి బాగుంది, కడుపులో తిప్పడం లేదు అన్న కారణంతో ఎక్కువ డబ్బు పెట్టే ముందు గుర్తు పెట్టుకోవాల్సిన విషయం.

ఇక రోజూ వేసుకోవాలా అన్నది. ఐరన్ మాత్ర వేసుకోగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది పేగులో ఐరన్ లోపలికి పోకుండా గేటు వేస్తుంది. మర్నాటికీ ఆ గేటు పూర్తిగా తెరుచుకోదు. స్విట్జర్లాండ్ పరిశోధకులు ఐరన్ నిల్వలు తగ్గిన 40 మంది ఆడవాళ్లకు 60 మి.గ్రా. చొప్పున ఇచ్చి కొలిచారు. రోజూ వేసుకున్నవాళ్లలో సుమారు 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లలో దాదాపు 22 శాతం ఒంటబట్టింది. అలాగని రోజూ వేసుకునేది దండగ అనుకోకండి. రోజూ వేసుకుంటే మొత్తం ఐరన్ త్వరగా చేరుతుంది, రోజు విడిచి రోజు అయితే అదే చేరడానికి దాదాపు ఒకటిన్నర రెట్ల కాలం పడుతుంది గానీ వికారం, మలబద్ధకం తగ్గుతాయి. నా లెక్క ఇలా ఉంటుంది: హిమోగ్లోబిన్ మరీ తక్కువ కాదు, తొందర లేదు, రోజూ వేసుకుంటే కడుపు గడబిడ అయి రెండు వారాలకే మానేస్తున్నారు అంటే రోజు విడిచి రోజు మంచిది. గర్భిణులకు ఆ వెసులుబాటు లేదు. ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్ర, 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండేది, రోజూ వేసుకోవాల్సిందే. ఉచితంగా వచ్చింది కదా అని చులకన చేసి బీరువాలో పడేసి, బయట అదే సరుకుని స్ట్రిప్ వంద చొప్పున కొనేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

మాత్ర వేసుకున్నాక టీ తాగితే మాత్రం సగం శ్రమ వృథా. గంటా రెండు గంటలు ఆగండి. పాలతోనూ వద్దు. తోడుగా విడిగా విటమిన్ సి మాత్ర కూడా రాస్తుంటారు. చైనాలో 440 మంది రక్తహీనత రోగుల మీద చూస్తే అది కలిపినా కలపకపోయినా హిమోగ్లోబిన్‌లో తేడా రాలేదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటానంటే మంచిదే, దానికోసం ఇంకో బిల్లు అక్కర్లేదు.

సెలైన్‌లో ఎక్కించే ఐరన్‌కి వేలల్లో ఖర్చవుతుంది. అది ఎవరికి? నెలలు నిండుతున్నా రక్తం బాగా తక్కువున్న గర్భిణులకు, మాత్ర అసలు పడనివాళ్లకు, పేగు జబ్బులున్నవాళ్లకు. హార్ట్ ఫెయిల్యూర్ ఉండి ఐరన్ తగ్గినవాళ్ల విషయంలో అయితే పోలిక చాలా స్పష్టం. 2009 నాటి ఫెయిర్-హెచ్ఎఫ్ ట్రయల్‌లో సెలైన్ ద్వారా ఐరన్ ఇస్తే ఆయాసం తగ్గింది, నడక మెరుగైంది. 2017లో అలాంటి రోగులకే 16 వారాలు మాత్రలు ఇచ్చి చూస్తే ఏ మార్పూ లేదు. అదే పోషకం, అదే జబ్బు, ఇచ్చే దారి వేరైతే ఫలితం వేరైంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే రకం ఎక్కించాక చాలామందికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది. తర్వాత వారాల్లో నీరసం, ఎముకల నొప్పి వస్తే రక్తం చాలలేదని ఇంకోసారి ఎక్కించుకోకుండా ఫాస్ఫేట్ చూపించుకోండి.

అన్నట్టు, ఆ ఎర్ర మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌ను 1940ల్లో ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం, అమెరికాలోని లెడర్లీ కంపెనీలో. సప్లిమెంట్లలో సందేహానికి తావులేని రుజువు ఉన్నవాటిలో ఇదొకటి. 1991లో బయటికొచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, అంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మి.గ్రా. ఇస్తే మళ్లీ అలాంటి లోపం రావడం 72 శాతం తగ్గింది. మామూలుగా మిగతావాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలు. అయితే బిడ్డ వెన్ను మూసుకోవడం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే అయిపోతుంది. నెల తప్పాక పరీక్ష చేయించుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లి మొదలుపెట్టేసరికి ఆ సమయం దాటిపోతుంది. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే మొదలుపెట్టాలి.

బి12: సూదా, మాత్రా?

పాలు, గుడ్లు, మాంసం తినని పూర్తి శాకాహారులు, షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లు. బి12 లోటు వచ్చేది ఎక్కువగా వీళ్లకే. నెదర్లాండ్స్‌లో 390 మంది షుగర్ రోగుల మీద నాలుగేళ్లకు పైగా సాగిన ట్రయల్‌లో మెట్‌ఫార్మిన్ వల్ల బి12 సగటున 19 శాతం తగ్గింది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు అన్నీ షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు గానీ, వాటిలో కొన్ని ఇలా తగ్గిన బి12 వల్ల కావచ్చు.

సూది వేయించుకుంటేనే పని చేస్తుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. మాత్రలో 1000 మైక్రోగ్రాములు ఉంటే, పేగులో దాన్ని పట్టుకునే మామూలు ఏర్పాటు పాడైనవాళ్లకు కూడా అందులో ఒక శాతం దానంతటదే లోపలికి జారుతుంది. అంటే 10 మైక్రోగ్రాములు. రోజుకు కావాల్సింది సుమారు రెండున్నర. 1998లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ట్రయల్‌లో రోజుకు 2 మి.గ్రా. మాత్ర వేసుకున్నవాళ్ల రక్తంలో బి12 నాలుగు నెలలకు సూది వేయించుకున్నవాళ్ల కంటే ఎక్కువే ఉంది. నడక తూలుతున్నా, మతిమరుపు వచ్చినా, లోటు తీవ్రంగా ఉన్నా సూదితోనే మొదలుపెట్టాలి, అందులో వాదన లేదు. తర్వాత మాత్రకు మారొచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒక్క ఫోలిక్ యాసిడ్‌నే ఎక్కువ మోతాదులో వేసుకుంటూ పోతే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది గానీ, బి12 లేక నరాలు దెబ్బతినడం లోపల సాగుతూనే ఉంటుంది.

విటమిన్ డి, కాల్షియం

ఇంత ఎండలో బతుకుతూ మనకు విటమిన్ డి తక్కువేంటి అని అందరూ ఆశ్చర్యపోతారు. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి పరిశోధకులు రెండు దశాబ్దాల కిందటే ఇక్కడి పట్నంవాళ్లలోనూ పల్లెవాళ్లలోనూ చూశారు. చాలామందిలో విటమిన్ డి తక్కువే, దానికి తోడు తిండిలో కాల్షియం కూడా తక్కువ. అందుకని లోటు లేదనను. అయితే అందరూ పరీక్ష చేయించుకుని, అందరూ 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు వాడాలా అన్నదే ప్రశ్న.

వైటల్ అనే అమెరికన్ ట్రయల్‌లో 25,871 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 2000 యూనిట్లు అయిదేళ్లకు పైగా ఇచ్చారు. క్యాన్సర్ రావడం తగ్గలేదు, గుండెపోటు తగ్గలేదు, 2022లో చూస్తే ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. అందులో ఎక్కువమందికి ముందే సరిపడా విటమిన్ డి ఉంది, కాబట్టి బాగా లోటున్న మనవాళ్లకు ఇదే జవాబు అని తీసుకోకూడదు. ఆస్ట్రేలియాలో డి-హెల్త్ ట్రయల్ మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే అక్కడ ఇచ్చింది మన షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల మోతాదే, నెలకోసారి. అరవై దాటిన 21 వేల మందికి పైగా చూశారు, అయిదేళ్లు. మరణాలు తగ్గలేదు.

ప్యాకెట్టా, రోజువారీ మాత్రా అని అడిగితే, లోటు తేలినవాళ్లకు వారానికోసారి 60,000, మామూలుగా ఎనిమిది వారాలు, ఆ తర్వాత చిన్న మోతాదు. ఇది సరే. చిక్కల్లా ఆపకపోవడం దగ్గర వస్తుంది. చీటీలో వారానికోసారి అని ఉంటే రోజుకోటి వేసుకున్నవాళ్లు, ఎనిమిది వారాలు అంటే ఎనిమిది నెలలు లాగినవాళ్లు వాంతులతో, కిడ్నీ దెబ్బతిని ఆస్పత్రికి వస్తారు. ఒకేసారి లక్షల యూనిట్ల సూది వేయించుకోవడం నాకు అసలు నచ్చదు. ఆస్ట్రేలియాలోనే డెబ్బై దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చిన ట్రయల్‌లో వాళ్లు కింద పడటం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. 2024లో ఎండోక్రైన్ సొసైటీ అనే డాక్టర్ల సంఘం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఊరికే విటమిన్ డి పరీక్ష చేయొద్దని కూడా చెప్పింది. హెల్త్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఆ మాట విన్నట్టు లేదు.

కాల్షియంలో కార్బొనేట్, సిట్రేట్ అని రెండు ప్రధాన రకాలు. కార్బొనేట్ 1250 మి.గ్రా. బిళ్ళలో అసలు కాల్షియం 500. చవక, కానీ అన్నంతోపాటు వేసుకోవాలి. సిట్రేట్‌లో కాల్షియం శాతం తక్కువ, ఖరీదెక్కువ, ఎప్పుడైనా వేసుకోవచ్చు. గ్యాస్ మాత్ర రోజూ వాడే పెద్దవాళ్లకు సిట్రేట్ నయం. ఎవరికైనా సరే, ముందు తిండిలో ఎంత వస్తోందో లెక్క వేసుకోండి. వంద గ్రాముల రాగుల్లో 360 మి.గ్రా. పైచిలుకు ఉంటుంది, గ్లాసు పాలలో మరో 240. అమెరికాలో 36 వేల మంది ఆడవాళ్లను తీసుకుని, సగం మందికి కాల్షియం, విటమిన్ డి కలిపి ఇచ్చిన ట్రయల్‌లో తుంటి ఎముక విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు, కిడ్నీలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి.

గర్భిణుల్లో కథ వేరు. తిండిలో కాల్షియం తక్కువున్నచోట మాత్రలు ఇస్తే బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం తగ్గుతుంది. ఎంత ఇవ్వాలన్నది బెంగళూరులోనూ టాంజానియాలోనూ 11 వేల మంది చొప్పున గర్భిణుల మీద పరీక్షించారు. 500 మి.గ్రా. కూడా 1500 అంత బాగానే పనిచేసిందని 2024లో తేలింది. ఇక్కడో ఇబ్బంది ఉంది. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం పాటించాలి.

చేప నూనె

దీని మీద ఎక్కువ చెప్పేది లేదు. మామూలు 1000 మి.గ్రా. క్యాప్సూల్ వెనక తిప్పి చూడండి, ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది. అంటే మనకు కావాల్సిన ఒమేగా-3 అనే కొవ్వు ఆ రెండూ కలిపి 300, మిగతాది వేరే కొవ్వు. గుండెపోటు రాకుండా ఈ మోతాదు పనికొస్తుందన్న రుజువు లేదు. 15 వేల మందికి పైగా షుగర్ రోగుల మీద జరిగిన అసెండ్ ట్రయల్ 2018లో తేల్చింది అదే. రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏ మందు ఇచ్చిన రెడ్యూస్-ఇట్ ట్రయల్‌లో గుండె సమస్యలు 25 శాతం తగ్గాయి గానీ, డమ్మీగా వాడిన మినరల్ ఆయిలే అవతలివాళ్లకు చెరుపు చేసిందేమో అన్న వాదన ఉంది. 4 గ్రాములే ఇచ్చిన స్ట్రెంగ్త్ అనే మరో ట్రయల్‌లో, అక్కడ డమ్మీ మొక్కజొన్న నూనె, లాభమే కనిపించలేదు. మోతాదు పెరిగేకొద్దీ గుండె లయ తప్పే ప్రమాదం కూడా పెరుగుతోంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు బాగా ఎక్కువుండి గుండె డాక్టర్ రాస్తే తప్ప సొంతంగా కొనొద్దు. వారానికి రెండుసార్లు చేపల పులుసు తినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మంచం పట్టిన మనిషికి పౌడరా, తిండా?

ఇంట్లో ఎవరికైనా ఆపరేషనో, క్యాన్సరో, టీబీయో అయితే చుట్టాలు చేసే మొదటి పని పౌడర్ డబ్బా పట్టుకుని రావడం. ప్రేమతోనే తెస్తారు. ఆ డబ్బాకయ్యే డబ్బుతో ఏం చేస్తే రోగికి ఎక్కువ మేలు?

మన దేశంలోనే జరిగిన రేషన్స్ ట్రయల్ నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే పదివేల మందికి పైగా జనం. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. ఇంట్లోవాళ్లలో మాత్రం కొన్ని ఇళ్లకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు, మిగతా ఇళ్లకు ఇవ్వలేదు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు బాగా తక్కువున్నాయి. ఈ ఫలితం 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బియ్యం, పప్పు! ఏ డబ్బా మీదా ఇలాంటి ఫలితం రాసుకునే అర్హత లేదు.

ఆస్పత్రిలో ఉన్నవాళ్ల మీద స్విట్జర్లాండ్‌లో ఎఫర్ట్ ట్రయల్ జరిగింది. ఎనిమిది ఆస్పత్రుల్లో 2,088 మంది, తిండి సరిగా తినక చిక్కిపోయే ప్రమాదం ఉన్నవాళ్లు. సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం. మిగతా సగానికి డైటీషియన్ వచ్చి ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రొటీన్ కావాలో లెక్కవేసి, వాళ్లకు నచ్చే తిండితోనే అది అందేలా చూసి, చాలకపోతే అప్పుడు సప్లిమెంట్ డ్రింక్ జోడించారు. నెల తిరిగేసరికి మొదటి గుంపులో 10 శాతం, రెండో గుంపులో 7 శాతం చనిపోయారు. ఇక్కడ పనిచేసింది డబ్బా కాదు, రోగి కంచంలో ఏం మిగిలిందో రోజూ చూసిన మనిషి.

మరి డ్రింకులు దండగా? కాదు. పళ్లు లేక, మింగలేక, రెండు ముద్దలకే కడుపు నిండిపోయే ముసలివాళ్లకు అవి అక్కరకొస్తాయి. నరిష్ అనే ట్రయల్‌లో 652 మంది వృద్ధ రోగుల్లో సగం మందికి ప్రొటీన్ ఎక్కువున్న డ్రింక్, సగం మందికి డమ్మీ డ్రింక్ ఇచ్చారు. 90 రోజుల్లో డమ్మీ తాగినవాళ్లలో దాదాపు 10 శాతం, ప్రొటీన్ డ్రింక్ తాగినవాళ్లలో 5 శాతం చనిపోయారు. కానీ ఆ ట్రయల్ ముందుగా కొలుస్తామని చెప్పుకున్న ప్రధాన ఫలితంలో, అంటే మళ్లీ ఆస్పత్రిలో చేరడం, చావు కలిపి చూసినదాంట్లో, తేడా లేదు. పైగా డబ్బు పెట్టింది ఆ డ్రింక్ తయారుచేసే కంపెనీ. ఆశ పెట్టుకోవచ్చు, రుజువైందని మాత్రం అనలేం.

ఐసీయూలో ఉన్నవాళ్ల విషయంలో మాత్రం సొంత తెలివి అసలు వద్దు. అవయవాలు దెబ్బతిన్న 1,223 మందిలో కొందరికి గ్లూటమిన్ అనే అమైనో యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే, ఇవ్వనివాళ్ల కంటే ఎక్కువమంది చనిపోయారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పౌడర్ పట్టించడం కూడా ప్రమాదమే.

జిమ్ కుర్రాళ్ల పౌడర్ల గురించి రెండు ముక్కలు. కేరళ డాక్టర్లు కొందరు మార్కెట్లో దొరికే 36 రకాలను కొని పరీక్షించి 2024లో బయటపెట్టారు. దాదాపు 70 శాతం రకాల్లో లేబుల్ మీద ఉన్నంత ప్రొటీన్ లేదు, కొన్నిట్లో సగమే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే ఏడాది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. గుడ్లు, పప్పు, పెరుగు, శనగలతో రోజు గడవనంత అవసరం మామూలు మనిషికి రాదు.

మల్టీవిటమిన్లు, కంటి క్యాప్సూళ్లు

మల్టీవిటమిన్ వల్ల ఆయుష్షు పెరగదు. అమెరికాలో 3 లక్షల 90 వేల మందిని ఇరవై ఏళ్లకు పైగా గమనించిన పరిశీలన 2024లో అదే చెప్పింది. వయసు మళ్లినవాళ్ల జ్ఞాపకశక్తికి కాస్త మేలని కాస్మోస్ ట్రయల్ చెబుతోంది గానీ, ఆ మేలు చిన్నది. రోజుకు రెండు మూడు రూపాయల మాత్రతో మనసుకు ధైర్యం వస్తుందంటే వాడుకోండి, ముప్పై రూపాయలది వద్దు.

కంటికి మాత్రం ఒక మిశ్రమానికి గట్టి రుజువు ఉంది. వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు మధ్య దశకు వచ్చినవాళ్లలో అది ముదరడం ఏరెడ్స్ అనే, విటమిన్లు, జింక్ కలిపిన మిశ్రమంతో సుమారు 25 శాతం తగ్గింది. పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ లేని, లుటీన్ ఉన్న ఏరెడ్స్-2 రకమే తీసుకోవాలి. జబ్బు లేనివాళ్లకు, చూపు పెరగాలని ఆశించేవాళ్లకు ఇది పనికిరాదు. శుక్లాలకు అసలే కాదు.

కొనేటప్పుడు, డబ్బా వచ్చాక

ఒకే కాల్షియం మన దగ్గర రెండు దారుల్లో అమ్ముడవుతుంది. ఒకటి మందుగా, డ్రగ్ లైసెన్స్ మీద. ఇంకోటి ఆహారంగా, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్స్ మీద. రెండో దానిమీద 14 అంకెల నంబరు, చిన్న అక్షరాల్లో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంటుంది. జబ్బుకు వైద్యంగా వాడాల్సి వస్తే మొదటిదే అడగండి.

అమెరికా నుంచి పిల్లలు సూట్‌కేసులో తెచ్చే పెద్ద డబ్బాలకు మన ఇళ్లలో మర్యాద ఎక్కువ. అక్కడ 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మే ముందు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. అక్కడి మందుకున్న నమ్మకం అక్కడి సప్లిమెంట్‌కి ఉండదు. విడిగా ఒక సంస్థ నాణ్యత పరీక్షించి వేసే యూఎస్‌పీ వెరిఫైడ్ ముద్ర ఉన్నది కొనమని పిల్లలకు చెప్పండి. వచ్చిన డబ్బాల్లో రెండిట్లో ఒకే విటమిన్ ఉందేమో కూడా కలిపి లెక్కపెట్టుకోండి. విటమిన్ డి ఒక డబ్బాలో, మల్టీవిటమిన్‌లో, కాల్షియంలో, పైగా మన డాక్టర్ రాసిన ప్యాకెట్‌లో, ఇలా నాలుగు వైపుల నుంచి వస్తుంటుంది.

ఆ డబ్బాల్లో జుట్టు, గోళ్ల కోసం తెచ్చే బయోటిన్ ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్త పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. థైరాయిడ్ లేకున్నా ఉన్నట్టు చూపించవచ్చు, గుండెపోటు వచ్చినప్పుడు చేసే ట్రోపోనిన్ పరీక్ష ఏమీ లేదని చెప్పవచ్చు. ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. డాక్టర్ "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే బీపీ, షుగర్ మాత్రల పేర్లు చెప్పి ఊరుకుంటాం. ల్యాబ్‌లో రక్తం ఇచ్చే ముందు ఈ క్యాప్సూల్ పేరు కూడా చెప్పాలి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపాలి.